పెంబా మేనత్త కాలి వేలు

కాలు లోపలికి లాక్కో. ఆ కాలే, ఎడమది. ఇందాక అందరూ కళ్ళు మూసుకుని ఖురాను చదువుతుంటే నీ చిటికెన వేలు మాత్రం చాప మీద తాళం వేస్తోందే! సిగ్గు లేదూ? చావింట్లో కూర్చుని పాట తాళమా?

ఉలిక్కిపడకు. ఎవరూ వినట్లేదులే. మగాళ్ళు ఇప్పుడే జనాజా ఎత్తుకుని వెళ్ళారు. ఆడాళ్ళంతా వసారాలో పళ్ళేల మీద పడ్డారు. ఈ గదిలో ఉన్నది నువ్వూ, నేనూ, మా మేళం గాయని బీ షెమ్సా పడుకున్న ఆ ఖాళీ మంచమూ. అయినా నువ్వు నోరు తెరవకు. ఆ గొంతు ఒక్కసారి బయటికొచ్చిందంటే టాంగా ఊళ్ళో పాలుతాగే పిల్ల కూడా గుర్తుపడుతుంది, మల్లెల మేళం కచేరీల్లో నాలుకాడించి కేకలు పెట్టే జుహూరా అని.

అవునే, గుర్తుపట్టాను. ఆడాళ్ళ గదిలో ఆడది మొహాన ముసుగు దించుకుని కూర్చుంటే అనుమానం రాదూ? పాపం బీ షెమ్సా కూతురు సలామాకి మాత్రం ఆ అనుమానం రాలేదు. తల్లి పోయిన దుఃఖంలో ఉంది పిచ్చిపిల్ల. "ఎవరో పెంబా దీవి నుంచి వచ్చిన మేనత్త కాబోలు కిదావా పిన్నీ, మహా నిష్ఠాపరురాలు, మొహం కూడా చూపించట్లేదు, కాస్త అన్నం పెట్టి రా" అని నన్ను పంపింది.

నిష్ఠట! నీకు! నవ్వు ఆపుకోలేక పళ్ళెం జారవిడవబోయాను.

నాకు నీ మొహం దేనికి? ఆ వేలు చాలదూ, పక్కవేలి మీద ఎక్కి కూర్చునే నీ చిటికెన వేలు! ఇన్నేళ్ళూ నేను చూసింది దాన్నే కదా. మీ మేళం గాయని బీ రాయా ఓ పుల్లవిరుపు పాట ఎత్తుకునేది. నువ్వు లేచేదానివి. పాడేదానికి ఇచ్చే డబ్బు నోటు రెండువేళ్ళతో పైకెత్తి, నడుం తిప్పుకుంటూ వేదిక దాకా పోయేదానివి. ఆ పోయేదానివి తిన్నగా పోయావా? నా కుర్చీ ముందు ఆగి, ఆ కాలితో నేల మీద రెండు దెబ్బలేసి, నా మొహంలోకి చూసి మరీ పోయేదానివి. పాట ఎవరిదో, దెబ్బ ఎవరికో మండపమంతా తెలియాలిగా!

నేను మాత్రం ఊరుకున్నానా? మా నెలవంక మేళానికి కవి లేడా, బీ షెమ్సాకి గొంతు లేదా? పెళ్ళికి వదినగారి గొలుసు అడుక్కుని పెట్టుకొచ్చావు చూడు, వారం తిరక్కుండా 'అరువు గొలుసు' పాట కట్టించాను. ఆ రాత్రి నీ మెడ ఎలా కందిపోయిందో! నాలుగు రోజులు బజారుకి రాలేదటగా?

ఇందాక నువ్వు వేసిన తాళం ఏ పాటదో నాకు తెలియదనుకున్నావా? ఆ 'అరువు గొలుసు'దే. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన పాట తాళం, నీ కాలి వేలే వేస్తోంది! ఏం మనిషివే నువ్వు? పౌరుషం కూడా అరువిచ్చేశావా?

ఏడుస్తున్నావా? ముసుగు తడుస్తోంది. ఏడు, ఏడు. బయట ఏడ్చేవాళ్ళ కంటే నయమేలే. చూశావా వాళ్ళని? మా మేళం కార్యదర్శి భార్య జనాజా పక్కన నిలబడి ఫోనులో తన మొహం ఎన్నిసార్లు తీసుకుందో! కన్నీళ్ళు ఎండిపోతే మళ్ళీ కళ్ళు నులుముకుని మరీ తీసుకుంది. ఆ కుర్రగాయని ఉంది, బీ షెమ్సా బతికుండగా మైకు లాక్కున్నది, అది "అమ్మా" అని గుండెలు బాదుకుంటోంది. అమ్మట! దగ్గుతో ఈ మంచంలో ఉన్నన్నాళ్ళూ ఒక్కతీ గడప తొక్కలేదు. కాస్త గంజి పట్టుకొచ్చిన మొహం లేదు. బీ షెమ్సా పాటల్లో రెండో చరణం నోటికొచ్చిన ఆడది ఆ వసారాలో ఒక్కతి ఉంటే ఒట్టు.

నీకు వచ్చు. అదే కదా నా మంట.

అయినా ఎంత ధైర్యమే నీకు! బీ షెమ్సా మంచం పట్టకముందు జరిగిన కచేరీలో, బీ రాయా చోట పాడే మీ కొత్తపిల్ల ఏం చేసింది? పాట మధ్యలో ఆగి బీ షెమ్సాలాగా ఖళ్ళుఖళ్ళున దగ్గింది. మీవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆ దగ్గు వింటూ ఆవిడ చివరి వరసలో కూర్చునుంది, తెలుసా? కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆరోజే సలామా ఒట్టు పెట్టుకుంది, మల్లెల వాళ్ళు ఎవరు గడప తొక్కినా జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుస్తానని. ఇప్పుడు నేను తలుపు దగ్గరికెళ్ళి "సలామా, మీ మేనత్త ముసుగు ఒక్కసారి ఎత్తి చూడవే" అన్నాననుకో. అంతే, నీ పని. ఊరంతా చెప్పుకుంటుంది. మీవాళ్ళూ నిన్ను రానివ్వరు, శత్రువు ఇంట్లో ఏడ్చిందని. ఏ కచేరీలోనూ నీకు కుర్చీ ఉండదు.

చెప్పాలనే వచ్చాను. నిజం. ఈ పళ్ళెం పట్టుకుని, చెప్పాలనే వచ్చాను.

మళ్ళీ చేతులు పిసుక్కుంటున్నావు. ఆరోజూ అంతే. మీ పిల్ల దగ్గినప్పుడు మీవాళ్ళంతా నోట్లు పట్టుకుని లేచారు. నువ్వు లేవలేదు. నీ నోటు అరచేతిలో పెట్టుకుని ఉండ చుట్టేశావు. చూశాను. నేను నిన్ను చూడందెప్పుడు?

అబ్బ, అలా తల తిప్పకు. సరే. అడగవుగానీ నేనే చెప్తాను.

మీ బీ రాయా పోయినప్పుడు మీ వీధిలో చావింటికి ఓ ముసుగు మనిషి వచ్చింది. మోంబాసా చుట్టమని అందరూ అనుకున్నారు. వంటింటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎందుకేడవదు? 'పక్కింటి పళ్ళెం' పాట దాని మీదే కదా కట్టించావు! మొగుడు పక్కింటి వంట మరిగి అటే పోయాడని ఊరంతటికీ పాడి వినిపించింది బీ రాయా. ఎంత బాగా పాడిందే! ఆ మూడో చరణంలో గొంతు అలా కిందికి దించి, మొగుడు పోయిన ఇంట్లో పొయ్యి ఎలా ఉంటుందో చెప్తుందే... నాకు జరిగింది నాకే అప్పుడు అర్థమైంది. నా పరువు తీసిన పాట, నేనే బొగ్గుల పొయ్యి విసురుకుంటూ పాడుకునేదాన్ని. తలుపులు వేసుకుని.

ఆరోజు నువ్వే కదా వడ్డించావు. కొబ్బరిపాలన్నం, చిక్కుడు గింజల కూర. పళ్ళెం నా ముందు పెట్టి, చెవి దగ్గర వంగి అన్నావు చూడు, "ఇది పక్కింటి పళ్ళెం కాదులే, తిను" అని. నా ప్రాణం అక్కడే పోయింది. తిన్నాను. అంతా తిన్నాను.

తర్వాత ప్రతి కచేరీకీ వణుక్కుంటూ వచ్చాను. ఇవాళ కడుతుంది పాట, ఇవాళ తీస్తుంది నా పరువు అని. నువ్వు కట్టించలేదు. ఒక్క ముక్క బయటపెట్టలేదు. ఎంత పొగరే నీకు! నన్ను తిట్టడానికి ఊళ్ళో లేని సందర్భాలు వెతికిన దానివి, చేతికి దొరికినదాన్ని అలా వదిలేస్తావా? నువ్వు కట్టించిన పాటలన్నీ మర్చిపోయాను కానీ, ఆ ఊరుకోవడం మాత్రం ఇప్పటికీ నా గొంతులో ముల్లే.

ఆ బాకీ ఇవాళ తీరింది. ఇదిగో అన్నం. అరువు పళ్ళెం కాదు, తిను.

ఇంక నా తరఫున నిన్ను తిట్టే గొంతు లేదు. మీకూ లేదు. ఆ దగ్గులమారి పిల్లకి నువ్వు నోటిస్తే నీ చెయ్యి విరగ్గొడతా. ఇక మనం బజార్లో ఎదురుపడితే ఏం చెయ్యాలో కూడా నాకు తెలియట్లేదు. కూరగాయల ధర అడగనా నిన్ను?

సలామా వస్తోంది. వంగి తిను. నేను అడ్డంగా నిలబడతాలే. "మేనత్తకి చెవుడమ్మా, మాటాడించకు" అని చెప్తా.

కాలెందుకు లాక్కున్నావు? కానీ, వెయ్యి. చివరి చరణం మిగిలింది కదా. మగాళ్ళు మట్టి వేసే లోపు ఆవిడకి ఎవరో ఒకరు సరిగ్గా తాళం వెయ్యొద్దూ?

ముసుగు మాత్రం తియ్యకు. నీ మొహం చూసే ఓపిక నాకు లేదు.