మిసెస్ ప్రెంటిస్ గ్లౌజు

వానేనా బయట? రా, రా. కోటు ఆ మేకుకి తగిలించు. అదే, టోపీ ఉన్న మేకే, ఇంకోటి ఎక్కడుందని? టోపీ తియ్యకు, దాని మీదే మెల్లగా వెయ్యి. ఆఁ. ఇప్పుడు చెప్పు, ఫోన్లో ఏదో దొరికిందని గోల పెట్టావే, ఏంటది? ఏ సినిమా? మిసెస్ ప్రెంటిసా! ఎక్కడిదే నీకు? అది పోయిందన్నారుగా, రీళ్ళన్నీ ఏదో గోడౌన్లో పులిసిపోయాయని? మొత్తం ఉందా, ముక్కా? మొత్తమా. ఊఁ. ముందు ఆ కంప్యూటర్ మూత ముయ్యి. ముయ్యమన్నానా. ఇప్పుడేం కొంపలు మునగలేదు. కాఫీ తాగు. పంచదార నువ్వే వేసుకో.

తేల్చేద్దాం నానమ్మా, అంటున్నావు. నీకేం తల్లీ, అంటావు. నేనూ మా వదినా ఆ సినిమా మీద బతికున్నన్నాళ్ళూ కొట్టుకున్నాం. మా వదినంటే థెల్మా, మీ తాతయ్యకి అక్క. నువ్వు పుట్టేసరికే పోయింది, నీకేం తెలుసు ఆవిడ సంగతి. బులవార్డు మీద, అదే ఆ పెద్ద రోడ్డు మీద, మందుల షాపులో తిండి కౌంటరు ఉండేది చూడు, అక్కడ గుడ్లు వేయించి పెట్టేది. మనిషి పొడుగు, జుట్టు ఎర్రన, నోరు ఇంకా ఎర్రన. సినిమా పిచ్చి అనేవాళ్ళు అందరూ. పిచ్చి కాదే అది, తీర్పు. జడ్జిగారిలా కూచునేది. మా వీధిలో సగం మంది స్టూడియోల్లో పనిచేసేవాళ్ళే, మేకులు కొట్టేవాళ్ళు, విగ్గులు దువ్వేవాళ్ళు. వాళ్ళకే చెప్పేది, సినిమా ఎలా తియ్యాలో! "క్లైవ్ హాలరన్ నటుడా? ముఖం ఇస్త్రీ చేయించుకుని వస్తాడు. వాడి మొహంలో ఒక్క మడత చూపించండి, ఈ గరిటె మింగుతా." లెనోర్ వేడ్ మీద ఇంకోటి. "చూడు డెల్లా, ఎడమ కంటితోనే ఏడుస్తుంది. కుడి పక్క లైటు లేదు కదా, ఆ కన్ను దండగని పొడిగా ఉంచుకుంటుంది." ఆ మాట విన్నాక నేనింక ఆవిడ ఏడుపు చూసి ఏడవగలిగానా చెప్పు? సినిమా అంతా కుడి కన్నే చూస్తూ కూచునేదాన్ని. పాడుచేసేది, అన్నీ పాడుచేసేది.

నేనడిగే వాటికి మాత్రం జవాబుండేది కాదు. మొగుడూ పెళ్ళాలకి రెండు మంచాలేంటే? మధ్యన ఒక బల్ల, బల్ల మీద ఒక దీపం! ఆసుపత్రిలో పడుకున్నట్టు. మరి పిల్లలెలా పుట్టారు వదినా, అంటే, "నోర్మూసుకుని చూడు, పిల్లలు రెండో రీలులో పుడతారు." నిద్ర లేస్తే పెదాలకి రంగెలా ఉంది? ఫోన్లో మాట్లాడాక 'ఉంటాను' అని కూడా అనకుండా పెట్టేస్తారేంటి, అవతలివాడికి కోపం రాదా? నేనడిగితే ముందు వరసలోంచి ఎవరో "ష్" అనేవాళ్ళు. ఇంక ఆవిడ వాళ్ళ మీద పడేది. "మా మరదలు అడుగుతోంది, మీకు తెలిస్తే చెప్పండి, లేకపోతే మీ పాప్‌కార్న్ మీరు తినండి." సిగ్గుతో సీట్లోకి జారిపోయేదాన్ని.

అంటే, అలా అని కాదు. అక్షరాలు ఆవిడే నేర్పింది నాకు. మేం దుమ్ము తుఫానులకి ఓక్లహోమా వదిలి వచ్చినవాళ్ళం. బడికెళ్ళాల్సిన వయసంతా పీచ్ పళ్ళ తోటల్లో నిచ్చెన మీదే గడిచింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చేసరికి నాకు నా పేరు కూడా రాదు. వదిన నన్ను థియేటరు ముందు నిలబెట్టి పైన పెద్ద పెద్ద అక్షరాలు చూపించి చదివించేది. ఆ థియేటరు వాళ్ళ దగ్గర అక్షరాలు సరిపోయేవి కాదు. 'డబ్ల్యూ' కావాల్సి వస్తే 'ఎమ్' తీసి తలకిందులుగా పెట్టేవాళ్ళు. నేనేమో చాలా రోజులు ఆ రెండూ ఒకటే అక్షరమనీ, పాపం దానికి ఒక్కోవారం తల తిరిగే జబ్బనీ అనుకున్నాను. నవ్వకు. అక్షరాలు ఎంత చిత్రమో మొదట్నించీ వచ్చిన మీకేం తెలుస్తుంది?

ఇంతకీ ఏం చెబుతున్నానూ? ఆఁ, సినిమా. ఇప్పటిలా టైముకి వెళ్ళడం లేదప్పుడు. పొద్దున తలుపు తీస్తే పడుకునే వేళ దాకా సినిమా తిరుగుతూనే ఉండేది, గానుగలాగా. ఎప్పుడు కుదిరితే అప్పుడు దూరేవాళ్ళం. వదినకి కౌంటరు దగ్గర పనయ్యేసరికి ఎప్పుడూ సినిమా నడుమనే ఉండేది. కాబట్టి ముందు ఎవడు చచ్చాడో చూసేవాళ్ళం, తరవాత వాడెవడో చూసేవాళ్ళం. ముందు విడిపోవడం, ఆనక పెళ్ళి. అలా చుట్టు తిరిగి మేం వచ్చిన చోటికి సినిమా రాగానే నన్ను మోచేత్తో పొడిచేది. "ఇక్కడే మనం వచ్చింది. లే." అంతే. ఇంకొక్క నిమిషంలో పాటున్నా సరే, ముద్దున్నా సరే. "మన చుట్టు అయిపోయింది, ఇది పక్కవాళ్ళ చుట్టు" అనేది. జనం మోకాళ్ళన్నీ తొక్కుకుంటూ బయటికి. ఒక్కనాడు కూడా ఆ చోటు తప్పేది కాదు. అంత చీకట్లో, లోపలికొస్తూ సగం చూసీ చూడని ముక్కని ఎలా గుర్తుపట్టేదో! నాకదే వింత. ఒళ్ళు మండేది కూడా అందుకే. ఒక్క సినిమా కూడా మనిషిలా మొదటినించి చివరిదాకా చూడలేదే నేను, ఆవిడ పుణ్యమా అని.

సరే, మిసెస్ ప్రెంటిస్ చూడ్డానికి వెళ్ళాం. ఆ రోజు సీట్లు వెంటనే దొరకలేదు, దొరికాక మా ముందు ఒకావిడ పెద్ద ఈకల టోపీ పెట్టుకుని కూచుంది, వదిన ఆవిడతో తగువు. తీరా తెర చూసేసరికి స్టేషను. మంచు కురుస్తోంది. లెనోర్ వేడ్ ప్లాట్‌ఫాం మీద నడిచిపోతోంది. ఒక చేతికి గ్లౌజుంది, ఒక చెయ్యి వట్టిది. వెనక బెంచీ మీద రెండో గ్లౌజు. రైలెక్కేసింది. మొగుడు, అదే మన ఇస్త్రీ మొహం, పరిగెత్తుకొచ్చి గ్లౌజు పట్టుకుని నిలబడ్డాడు. తరవాత ఏళ్ళు గడిచిపోతాయి, వాడి జుట్టుకి పిండి రాస్తారు, చివర్లో జేబులో ఆ గ్లౌజుతో అదే స్టేషన్లో నిలబడతాడు. రైలొస్తుంది, పొగ, పొగ, పొగ... శుభం. దిగిందా లేదా? చూపించడు, చచ్చినవాడు! మళ్ళీ మొదలైంది. పెళ్ళి, కాపురం, మాటా మాటా, స్టేషను. బెంచీ మీద కూచుంది. గ్లౌజు వేలు వేలూ లాగి తీస్తోంది. నేను ముందుకి వంగాను. ఇప్పుడు తెలుస్తుంది కదా, మర్చిపోయి లేస్తుందో, కావాలనే పెట్టి లేస్తుందో. మోచెయ్యి. "ఇక్కడే మనం వచ్చింది. లే డెల్లా."

కాదు కాదు! మనమొచ్చేసరికి ఆవిడ నడుస్తోంది వదినా, గ్లౌజు బెంచీ మీదుంది, ఇక్కడింకా చేతిలోనే ఉంది, ఇది కాదు మనమొచ్చింది! అని నేను మొత్తుకుంటున్నా, ఆవిడ అప్పటికే లేచి మోకాళ్ళు తొక్కుతోంది. ఎప్పుడూ తప్పని మనిషి. ఆ రోజెందుకు తప్పిందో నాకీనాటికీ అర్థం కాదు.

ట్రాం ఎక్కామో లేదో మొదలుపెట్టింది. "కావాలనే పెట్టింది. తిరిగొస్తానని గుర్తు. ఆ రైల్లో ఉన్నది ఆవిడే." మర్చిపోయింది, నేనన్నాను. వదిలి పోయేవాళ్ళకి గ్లౌజు గుర్తుంటుందా? ఇంకొకటి కొనుక్కుంటుంది. ఆ రైల్లో ఎవరూ లేరు. తరవాతి స్టాపులోనే దిగిపోయి, ఇంటిదాకా నాకంటే ముందు విసవిసా నడిచిపోయింది.

ఎందుకంటావా? గోడకి చూడు, నీ కోటు కింద. అది ఆవిడ మొగుడు క్లెమ్ టోపీ. ఆ సినిమాకి కొంచెం ముందే పోయాడు. పోవడమంటే చావు కాదు. లాంగ్ బీచ్‌లో నూనె బావుల దగ్గర పనుందన్నాడు, సాయంత్రం ఇంట్లో లేడు. టోపీ మాత్రం మేకుకే ఉంది. ఇప్పటివాళ్ళకి అర్థం కాదులే. ఆ రోజుల్లో మగాడు చెత్తబుట్ట పారబొయ్యడానిక్కూడా నెత్తిన టోపీ లేకుండా గడప దాటేవాడు కాదు. ఎవరైనా అడిగితే చాలు, వదిన గరిటె పట్టుకుని తిరిగేది. "పోయేవాడు టోపీ పట్టుకుపోతాడు. వదిలాడంటే వస్తాడనేగా?" వాణ్ణి నేనెరుగుదును తల్లీ. మంచి పనివాడే, నవ్వు కూడా బాగుండేది, కానీ నిలబడ్డ చోట నిలబడే మనిషి కాదు. వదిన ఇక్కడే కూచుని, ఎర్ర జుట్టు తెల్లబడుతున్నా రోజూ ఆ టోపీకి దుమ్ము తుడుస్తుంటే నాకెలా ఉంటుంది? విగ్గుల దుకాణం ఫ్లాయిడ్, ఎంత మర్యాదస్తుడో, ప్రతి ఆదివారం పళ్ళు పెట్టి కాల్చిన పై పట్టుకొచ్చేవాడు. పై తినేది, వాణ్ణి పంపించేసేది. చూడలేక అనేదాన్ని. గ్లౌజు మర్చిపోయింది వదినా, మర్చిపోయింది! గ్లౌజు గురించే అనేదాన్ని. టోపీ మాట నేనెప్పుడూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

ఇంకో విడ్డూరం విను. ఒకరోజు ఆ లెనోర్ వేడే వచ్చి కౌంటరు దగ్గర కూచుంది. అవునే, ఆవిడే! నల్ల కళ్ళద్దాలు, తలకి గుడ్డ, గుడ్డు శాండ్‌విచ్ కావాలంది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. వదిన సంతకం అడగలేదు, నమస్కారం పెట్టలేదు. ప్లేటు ముందు పెట్టి, రెండు చేతులూ కౌంటరు మీద ఆనించి, "ఒక్కటి చెప్పండమ్మా. బెంచీ మీద గ్లౌజు మర్చిపోయారా, కావాలని పెట్టారా?" అంది. ఆవిడ నమలడం ఆపేసింది. "ఏ గ్లౌజు?" అంది. మిసెస్ ప్రెంటిస్, అంది వదిన. "ఓ, అదా. ఆ స్టేషను సీను మొదటి రోజే తీసేశారమ్మా, సెట్టు మళ్ళీ విప్పెయ్యాలని. అప్పటికి క్లైవ్‌తో నాకు పరిచయం కూడా లేదు. డైరెక్టరు ఇటు చూసి అటు నడవమన్నాడు, నడిచాను." సినిమా చూశారా మరి? "లేదు, నన్ను నేను చూసుకోలేను." చూశావా చోద్యం! ఎవణ్ణి వదిలిపోతోందో వాడి పేరైనా సరిగా తెలియకుండానే వదిలి పోయిందట! వదినకి ఒళ్ళు మండిపోయింది. ప్లేటు లాగేసింది, సగం శాండ్‌విచ్ అలాగే ఉంది. "తిననూ రాదు, నటించనూ రాదు" అని నాతో గట్టిగానే అంది. ఆవిడ వినే ఉంటుంది.

తరవాత టీవీలో వస్తోందంటే ఇద్దరం ఇక్కడే కూచున్నాం, ఇదే వంటింట్లో. బెంచీ మీద కూచుంది, గ్లౌజు వేలు పట్టుకుంది, ఇంతలో సబ్బు ప్రకటన. ప్రకటన అయ్యేసరికి రైలెక్కేసింది! ముక్క కోసేశారు. నేను టీవీని తిట్టాను, సబ్బుని తిట్టాను. వదిన మాత్రం హాయిగా కాఫీ కలుపుకుంది. ఆ హాయి చూస్తే నాకు ఇంకా మంట. చివరికి మంచం పట్టాక కూడా తగ్గలేదు. నా చెయ్యి పట్టుకుని, "డెల్లా, ఆ సినిమా ఎప్పుడైనా వస్తుంది. నేను లేకుండా ఒక్కదానివే చూసేశావో, చూస్కో మరి" అంది. ఏం చూసుకోవాలే? మాట అలా సగంలో వదిలేసి నిద్రపోయింది. అంతే. ఆవిడ చుట్టు అయిపోయింది.

తెరువు. తెరువులే, మూత. నువ్వు ఊరుకునేట్టు లేవు. నాకూ లేదా చూడాలని? ఇన్నేళ్ళు నేనన్నదే నిజమని నాకు తెలుసు. ఒక్కసారి కళ్ళతో చూస్తే చాలు. ఉండు, ఉండు, ఆ పేర్లు ఆపు. లె... నోర్... వేడ్. చూశావా, చదివేశాను! అప్పుడివన్నీ వదినే చెవిలో చెప్పేది. ఆ 'డబ్ల్యూ' చూడు, తిన్నగానే నిలబడింది. సరే, పెళ్ళి వద్దు, ముందుకి జరుపు. ఇంకా. అదిగో రెండు మంచాలు! నేను చెప్పలే? జరుపు. ఆఁ, మంచు. అది మంచు కాదే, ఉప్పో మొక్కజొన్న అటుకులో పోస్తారట, ఫ్లాయిడ్ చెప్పేవాడు. స్టేషను. ఎంత చిన్నదైపోయింది లెనోర్! పిల్లలా ఉంది, నీ ఈడు కూడా ఉండదు. కూచుంది. ఎడమ కన్ను చూడు, తడి. కుడి కన్ను... ఓసి, కుడి కన్ను కూడా తడిగానే ఉందే! వదిన అబద్ధం చెప్పిందే నాకు! గ్లౌజు. చిటికెన వేలు. ఉంగరం వేలు. మధ్య వేలు...

ఆపు. ఆపవే, నొక్కు, ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కు! ఆఁ.

ఇక్కడే మనం వచ్చింది. లే. ఇక్కడే అంటున్నానా, నాకు తెలీదా? లే, చీకటి పడకముందే బయల్దేరు, రోడ్లు జారుతుంటాయి. కోటు తీసుకో. మెల్లగా తియ్యి తల్లీ, దాని కింద టోపీ ఉంది, నలుగుతుంది.