ఎడమ రెక్క కింద

మ్యూజియంలో అద్దాల పెట్టె తెరిచి ఉంది. లోపల నెమలి ఆకారంలో వెండి అత్తరుదాని. దాని ముందు, తీగపని చేసి చేసి చూపు పోగొట్టుకున్న కరీంనగర్ లింగమూర్తి, కూతురు సృజన, మ్యూజియం అధికారి.

"ముట్టుకోవద్దు పెద్దాయనా. మసకబారుతది. చూసుడే."

"చూపే లేదంటి గద సారూ. బిడ్డా, నువ్వు చెప్పు. మెడ ఎట్లున్నది?"

"వెంట్రుకంత తీగ బాపు. రెండు కలిపి పేనినట్టు..."

"పేనిందే. మీ అవ్వ ఓ కొస పట్టుకున్నది. తోక?"

"ఈక ఈకకు ఓ కన్ను. కన్నుల మళ్ల పువ్వు. అబ్బ, పువ్వు నడుమ ఆవగింజంత గుండు!"

"ఆవగింజ గాదు, గసగసాలంత. గొట్టంతోని మంట ఊది అతికిచ్చిన. జర గట్టిగ ఊదితే పువ్వే కరిగిపోతుండె."

"గివి ఎవరన్న చెప్తరు. బోర్డు చదువమ్మా. 'చేసినవారు: తెలియదు.' నేను సంతకం పెట్టాల్నంటే గుర్తు గావాలె."

"కళాకారుల పింఛనోళ్లు పని చేసి చూపియ్యుమంటుండ్రు సార్. కండ్లు లేనోడు ఎట్ల చేస్తడు? ఇది ఈనదే అని రాసియ్యుండ్రి, చాలు."

"పేరు చెక్కినవా పెద్దాయనా?"

"పేరు చెక్కుడు మా ఇంట్ల లేదు. దిష్టి తగులొద్దని ఒక్క తీగ సుట్ట ఉల్టా తిప్పి ఇడుస్తం. మా తాత, మా బాపు, నేను. ఎడమ రెక్క కింద, మూడో వరుస. అన్ని కుడికి, అదొక్కటి ఎడమకు. సూడు బిడ్డా."

"చూస్తున్న."

"భూతద్దం పెట్టు."

"పెట్టిన బాపు. అన్నీ... అన్నీ కుడికే ఉన్నయి."

"మల్ల సూడు."

"మూడుసార్లు చూసిన. పోదాం పా."

"ఊకె పరేషాన్ జేస్తిరి. ఇంత మంచి వస్తువుల తప్పెట్లుంటది? ఉన్న ఒక్కటి సుత నేనే పట్టి..."

"ఏం పట్టిండ్రు?"

"ఏం లేదు. పెట్టె మూస్త, జరుగమ్మా."

"జరుగ. ఏం పట్టిండ్రు సార్?"

"పోయినేడు మంత్రి వస్తుండని మెరుగు పెట్టిచ్చినం. ఒక సుట్ట వంకరుండె. పనోన్ని పిలిచి సక్కగ జేపిచ్చిన."

"ఎడమ రెక్క కిందనే?"

"ఆఁ. అయితేంది?"

"అయితే మా బాపుదే గద! మీ నోటితోనే అంటిరి. రాయుండ్రి!"

"ఇప్పుడు లేదు గదమ్మా. లేని గుర్తు ఉన్నదని ఎట్ల రాయాలె?"

"సారూ, ఒక్క మాట. సక్కగ జేసిన ఆయన పేరన్న రాసుకున్నరా?"

"పనోళ్ల పేర్లు ఎవడు రాస్తడు పెద్దాయనా?"