ఈదవ్వ కుండ, మల్కయ్య కుండ

ఈదవ్వని ఒక మంత్రసాని ఉండెనంట. వాగొడ్డు ఊరు. ఆ ఊళ్ళె ఎవలు పుట్టినా ఈదవ్వ చేతులల్ల పుట్టాలె, లేకుంటే అంతకు ముందు ఆమె అత్త చేతులల్ల పుట్టాలె. అత్త సుత మంత్రసానే. బిడ్డ పుట్టినప్పుడల్లా ఒక చింతగింజ తెచ్చి కుండల ఏసేటోళ్ళంట. చదువు లేదు గదా, అదే వాళ్ళ లెక్క. ఏమైందంటే, ఒక ఎండకాలం ఎవలింట్లనో పోరి పుట్టింది. ఈదవ్వ గింజ ఏద్దామని పోతే కుండ అంచుదాంక నిండి ఉన్నది. ఏసిన గింజ దొర్లి కింద పడ్డది. మళ్ళ ఏసింది, మళ్ళ పడ్డది. ఇంక చూడు, ఈదవ్వ గుండెల రాయి పడ్డది. "అయ్యో, కుండ నిండిందంటే ఊరు నిండినట్టే గదా!" అనుకుంట బయటికొచ్చి చూసిందంట. వాగు ఎండి ఉన్నది. ఒకప్పుడు చేతులతోని తోడితే ఊరే చెలిమ, నడుములోతు తోడినా కడివెడు నీళ్ళియ్యకపాయె. చెలిమంటే తెల్వదా? వాగుల ఇసుక తోడితే గుంటల నీళ్ళు ఊరయా, అదే. మీకు నల్లా తప్ప ఏం తెలుసులే. నెమళ్ళు గుట్ట దాటిపోయినయి, చేపలు ఎటు పోయినయో ఏమో. "ఇంతమందిని నేనే తెచ్చి పడేస్తి. ఈ రెండు చేతులే చేసినయి. ఇంకొకల్ల బొడ్డు కొయ్య" అని ఒట్టు పెట్టుకొని, బొడ్డు కోసే కత్తి తీస్కపోయి చూర్ల చెక్కిందంట.

ఊరంత గుప్పుమన్నది. కడుపుతోని ఉన్న ఆడోళ్ళు ఒక్కటే ఏడ్పు. మొగోళ్ళేమో చెలిమ కాడ కొట్లాట. ఊళ్ళె మనుషులు ఎక్కువైన్రంట, ఎవలు ఎక్కువ? "మీ ఇంట్ల ఎనమండుగురున్నరు, మీరే ఎక్కువ" అని ఒకడు. "మీ అత్త ఒక్కతే నలుగురి నీళ్ళు పోసుకుంటది, మీరే ఎక్కువ" అని ఇంకొకడు. అందరు పక్కింటోళ్ళనే చూపెట్టిరి గని, నేనే ఎక్కువున్ననని ఒక్కడన్న అన్నడా? అనలే. ఓ లచ్చన్నా, నువ్వెందుకు నవ్వుతున్నవ్, నువ్వుంటే నువ్వు సుత మా ఇంటినే చూపెడుదువు.

ఇగ అప్పుడొచ్చిండు మల్కయ్య. ఎవలీ మల్కయ్యంటే, ఊరి కాటికాపరి. నెత్తి మీద కుండ పెట్టుకొని కండ్ల నీళ్ళు తీస్కుంట వచ్చిండంట. "అక్కా, నీకు దండం పెడుత, ఆ కత్తి దియ్యి. నువ్వు మానుకుంటే ఊరు ఖాళీ అయితది" అన్నడు. "ఖాళీ ఏందిరా తమ్మీ, ఊరు నిండి పొర్లుతుంటే" అన్నది ఈదవ్వ. "ఏడ నిండిందక్కా! ఇగ చూడు, సచ్చిన మనిషికొక గులకరాయి, మా నాయిన కాలం నుంచి ఏస్తున్నం, కుండ నిండొచ్చింది. పూడ్సి పూడ్సి నా చేతులు కాయలు కాసినయి. ఇంక మనుషులు ఏడున్నరు?" అన్నడంట. చూసిన్రా అయ్యా, ఒకటే ఊరు! ఆమెకేమో నిండిపాయె, ఆయనకేమో ఖాళీ అయిపాయె. సచ్చినోళ్ళ గింజ ఆమె ఎన్నడు తియ్యలే, పుట్టినోళ్ళను ఆయన ఎన్నడు చూడలే.

ఇద్దరు చాప పరిచి రెండు కుండలు గుమ్మరిచ్చిన్రు. ఒక గింజ, ఒక రాయి, జత చేసి పక్కకు పెట్టుడు. ఇంకో గింజ, ఇంకో రాయి. పొద్దు నెత్తి మీదికొచ్చింది. నడుమ ఒక నల్ల రాయి చూసి "ఇదెవలదిరా?" అన్నది ఈదవ్వ. "బావదక్కా" అన్నడు మల్కయ్య. ఆమె మొగన్ని కని కుండల గింజ ఏసింది అత్తనే గదా. కుప్పల ఎతికి ఎతికి, అన్నిట్ల పాత గింజ, తొక్క లేసిపోయింది ఒకటి తీసి, ఆ రాయి పక్కన పెట్టిందంట. ఆఖరికి రాళ్ళయిపోయినయి. గింజలు చాటెడు మిగిలినయి. అబద్ధం ఎందుకాడాలె, మునుపటికంటె మనుషులు పెరిగినమాట నిజమే. "గని తమ్మీ, చాటెడు మంది వాగు మొత్తం తాగుతరా?" అన్నది. "పైకి పోయి చూద్దాం పా అక్కా" అన్నడు మల్కయ్య.

ఎండిన వాగు పట్టుకొని పైకి పోయిన్రంట, పోయిన్రు, పోయిన్రు. పోతే ఏమున్నది? ఊరి పెద్ద ఆసామి జగ్గయ్య పటేలు అడ్డుకట్టలు! ఒకటి కాదు, రెండు. ఒకటి చెరుకు తోటకు, ఒకటి బత్తాయి తోటకు. నీళ్ళు తళతళ మెరుస్తున్నయి, గుట్ట దాటిపోయిన నెమళ్ళు సుత ఆడనే ఉన్నయి. "పటేలింట్ల ఉన్నది నలుగురు గదరా! నాలుగు గింజలు! గింజలు లెక్కవెడితిగని, ఏ గింజ ఎంత తాగుతదో లెక్కవెట్టకపోతిని" అని నెత్తి కొట్టుకున్నది.

గప్పుడే పటేలు చెప్పుల్లేకుంట ఉరికొచ్చిండంట. "ఈదవ్వా, మా కోడలు సత్తెమ్మకు పొద్దటి సంది నొప్పులు. పిల్ల తట్టుకునేటట్టు లేదు, నీ కాళ్ళు మొక్కుత, రా" అన్నడు. "నేను ఒట్టు పెట్టుకున్న పటేలా" అని నోరు అంటున్నది గని, కాళ్ళు అప్పటికే పటేలింటి దిక్కు ఉరుకుతున్నయంట. కత్తి కోసం మల్కయ్య ఉరికిండు. కాటికాపరి కాన్పుకు ఉరుకుడు ఆ ఊళ్ళె అదే మొదలు.

జరసేపటికి లోపలి నుంచి క్యార్‌మని ఏడ్పు. సత్తెమ్మ బతికి బట్టకట్టింది. ఈదవ్వ కొంగుల బిడ్డను చుట్టుకొని గడపల నిలబడ్డది. "ఏం బిడ్డ? చూపెట్టు" అన్నడు పటేలు. "చూపెట్ట. మీ ఇంటికి ఇంకో మనిషొచ్చింది. ఇది కూసునేటందుకు ఊళ్ళె ఇంత జాగ చెయ్యి. కట్ట తెంపు, చూపెడుత" అన్నది. పటేలు గుడ్లురిమిండు, బతిమాలిండు, పెండ్లాం దిక్కు చూసిండు. ఆమె కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతున్నది. ఇగ ఏం చేస్తడు, పార తీస్కొని తనే పోయి చెరుకు కట్ట తెంపిండంట. నీళ్ళు గలగల దుంకినయి! కింద పిల్లలు, ముసలోళ్ళు, బర్రెలు, అందరు వాగులనే. పటేలు బురద కాళ్ళతోని వచ్చి "ఇప్పుడన్న చెప్పు" అంటే, "ఆడపిల్ల, బంగారమసొంటిది" అని చేతుల పెట్టింది. పటేలు ముఖం ఎలిగింది. పార పక్కకు పారేసిండు. గంతల లోపలి నుంచి ఇంకో క్యార్! "అదెవలది?" అన్నడు పటేలు. "దీని చెల్లెది. కవలలు. నీ కట్టలు ఎన్ని పటేలా?" అన్నది ఈదవ్వ. "రెండు" అన్నడు. "మరి పారెందుకు పారేస్తివి?"

ఆ రెండోదాని మనుమన్నే నేను. అందుకే చెప్తున్న, ఈ వాగు నీళ్ళు తాగేటప్పుడు మా ముసల్దాన్ని జర యాది చేసుకోండ్రి. కట్టలు మళ్ళ కట్టలేదా అంటరేమో. కట్టిండు, పటేలు పటేలే గదా. గని మోకాలంత ఎత్తే కట్టిండంట, నీళ్ళు మీదికెళ్ళి పోయేటట్టు. బుద్ధొచ్చి కాదు. మరుసటేడు సత్తెమ్మకు మళ్ళ నెల తప్పింది.