అరవై ఒకటో మనిషి

(కాలేజీలో గణితం మాస్టారి గది. బల్ల మీద విద్యార్థిని ప్రాజెక్టు పుస్తకం. పక్కనే సగం రాసిన ఉత్తరం.)

"...దీన్ని గణితమంటారటమ్మా? మొదటి పేజీలోనే తప్పు! తరగతిలో మొత్తం ఎంతమంది?"

"అరవై ఒకటండీ."

"హాజరు పట్టీలో?"

"అరవై, మాస్టారూ."

"వెనకటికి పదిమంది ఏరు దాటి, ఎవడికి వాడు తనను వదిలేసి లెక్కపెట్టుకుని, తొమ్మండుగురమే మిగిలామని గట్టున కూర్చుని ఏడ్చారట. నీకంటే వాళ్లే నయం. నీకు ఒకరు ఎక్కువే పుట్టుకొచ్చారు! మన తరగతిలో గవదబిళ్ళలు ఎలా పాకాయో సమీకరణాల్లో చూపించమంటే, తలకాయలు లెక్కపెట్టడం చేతకాలేదు."

"లెక్క సరిగ్గానే..."

"నోరు ముయ్యి. జబ్బు రానివాళ్లు, వచ్చినవాళ్లు, తగ్గినవాళ్లు. మూడే గళ్లు. పలక పట్టిన పిల్లాడైనా నింపుతాడు. రెండో గడిలో మొదటిరోజున 'ఒకటి' అని వేశావు. పేరు దగ్గర ఖాళీ! ఎందుకు?"

"అది... అది వదిలెయ్యండి మాస్టారూ. మార్కులు తగ్గించుకోండి."

"తగ్గించడమా? సున్నా వేస్తాను. ఆ పేరు నాకు కావాలి. జబ్బుతో తరగతికొచ్చి పదిహేడుమందికి అంటించిన ఆ మహాతల్లిని పరీక్షకు కూర్చోనివ్వవద్దని ప్రిన్సిపాలుగారికి ఉత్తరం రాస్తున్నాను. మీ పిన్నికూతురేగా? ముందు జబ్బుపడింది అదేగా?"

"చెల్లి కాదండీ! దానితో కలిపి ముందు పడింది ముగ్గురు. ఒకే రోజు. ముగ్గురిదీ ముందు బెంచీయే."

"అయితే ఏమిటట?"

"అంటుకున్నాక బయటపడడానికి రెండున్నర వారాలు పడుతుందని మీరే చెప్పారు. ఒకే రోజు పడ్డవాళ్లు ఒకరికొకరు ఎలా అంటించుకుంటారండీ? ముగ్గురికీ ఒక్కచోటే, ఒక్కరి నుంచే..."

"ఓహో, తాతకు దగ్గులు నేర్పుతున్నావా! ఎవరా ఒక్కరు?"

"వద్దండీ."

"వద్దా? చెల్లెల్ని వెనకేసుకురావడానికి నీకు గణితమెందుకు, వకీలుచదువు చదవకపోయావా! ఇదిగో చూడు, దాని పేరే రాస్తున్నాను."

"ఆగండి, ఆగండి మాస్టారూ! దాని ఏడాదంతా పోతుంది. చెబుతాను. వాళ్లు పడ్డ రోజు నుంచి వెనక్కి పద్దెనిమిది రోజులు లెక్కపెట్టానండీ. ఆ రోజు... ముందు బెంచీ ముగ్గురూ గంటసేపు నిలబడి ఉన్నారు."

"నిలబెట్టాను. అయితే?"

"మొహంలో మొహం పెట్టి..."

"తిట్టాను! తిట్టనా? సమీకరణం ముఖం ఎటో, వీపు ఎటో తెలియని దద్దమ్మలు! పంటినొప్పితో, చెంపలకు మఫ్లరు చుట్టుకుని, మాట పెగలకపోయినా వచ్చి చెప్పానే, తలకెక్కిందా ఒక్కరికైనా?"

"పంటినొప్పి... రెండు చెంపలకూనా మాస్టారూ?"

"రెండు చెంపలకూ వాచి... వాచి..."

"మీ తుంపర్లు పడుతున్నా తుడుచుకోవడానికి భయమేసిందంది చెల్లి."

"అది పంటినొప్పే!"

"ఆ మర్నాటి నుంచి వారం రోజులు మీరు రాలేదండీ."

"ఆ... ఆ పుస్తకం ఇలా ఇయ్యి. అరవై ఒకటి కొట్టేసి అరవై చేస్తాను. పట్టీలో ఉన్నది అరవయ్యే."

"పట్టీలో అరవయ్యేనండీ. పట్టీ పట్టుకుని పేర్లు పిలిచినవారు ఏ పట్టీలోనూ లేరు మాస్టారూ; అందుకే ఆ ఖాళీ వదిలాను."