రాజేశాన్ని ఈ బండిలో పంపను

సభకు అధ్యక్షత వహిస్తున్న మా వర్క్‌షాప్ మేనేజర్ ముజాహిద్ భాయ్‌కి, బతా బజారు నుంచి బిర్యానీ దేగ్చా మోసుకొచ్చిన పెద్దలకు, అది చల్లారిపోతోందని నా వంక గుర్రుగా చూస్తున్న మిత్రులకు, ఈ రాత్రి ఫైనల్ ఎగ్జిట్ మీద, మళ్ళీ రాకుండా, ఇంటికి పోతున్న మా రాజేశానికి, ఈ హన్మాండ్లు నమస్కారాలూ సలాములూ.

"నాలుగు మంచి మాటలు చెప్పి, నవ్వించి దిగిపో" అని ముజాహిద్ భాయ్ నా చెవిలో చెప్పారు. మంచి మాటలు ముందే చెప్పేస్తాను. రాజేశం వెల్డింగ్ చేసిన అతుకు ఊడగా ఈ సనయ్యా షెడ్లన్నిటిలో చూసినవాడు లేడు. మా గదిలో పై మంచం అతనిది, కింది మంచం నాది. ఇన్నేళ్ళలో నా మీద ఒక్కసారే చెప్పు విసిరాడు, అదీ నిద్రలో అతని మీసానికి గ్రీజు రాసినందుకు. (నవ్వులు) అయిపోయాయి మంచి మాటలు. ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతోంది, దాని సంగతి చెప్తాను.

కొత్త అతిథులకు మన షెడ్డు ఆనవాయితీ తెలియదు. ఇక్కడ ఎవరు ఇంటికి పోయినా, చివరగా ఏ బండి మీద పనిచేశారో దానికి దండ వేసి, అందులోనే ఎయిర్‌పోర్టుకు పంపుతాం. జనార్దన్ నీళ్ళ ట్యాంకర్‌లో పోయాడు. రమేష్ వాళ్ళ అన్న చెత్త లారీలో పోయాడు, ఎయిర్‌పోర్టు గేటు దగ్గర పోలీసు ముక్కు మూసుకొని మరీ దారిచ్చాడు. (నవ్వులు) రాజేశం చివరి పని అదిగో, ప్లాస్టిక్ పూలదండ వేసుకొని గేటు దగ్గర నిలబడింది, ఆ ఎర్ర కారు. మనకు వీసాలిచ్చిన యజమాని, మన కఫీల్ వాళ్ళ నాన్న ఏ కాలంలోనో డబ్బాల్లో విడి భాగాలుగా తెప్పించి ఇంట్లోనే బిగించుకున్నది. పైన ఫైబర్ తొడుగు, లోపల వేరే పాత కారు ఎముకలు.

గుంతలో పడితే నడుం విరుగుతోందని కఫీల్ దాని ముందు భాగం మార్చమన్నాడు. పాత ఇరుసు పీకేసి, ఒక్కో చక్రాన్ని పైనొక ఇనుప చెయ్యి, కిందొక ఇనుప చెయ్యి పట్టుకొని మధ్యలో స్ప్రింగు ఉండే సస్పెన్షన్ పెట్టాలి. రాజేశం ఛాసిస్‌కు బ్రాకెట్లు అతికాడు. చేతులు బిగించాం, స్ప్రింగులు ఎక్కించాం. అంతవరకూ వంక పెట్టడానికి లేదు.

వంకంతా స్టీరింగులో ఉంది. పాత స్టీరింగు కొత్త చేతులకు అడ్డం వస్తోందని, ముజాహిద్ భాయ్ పాత బండ్లు విప్పే తష్లీహ్‌కు పోయి ఇంకేదో కారుది, చక్రాలను పక్కకు తిప్పే రాక్ ఒకటి పట్టుకొచ్చారు. మన బండికి అది మరీ వెడల్పు. అది వెడల్పైతే, దాని కొస నుంచి చక్రానికి పోయే రాడ్లు పొట్టివి వేయాలి. వేశాం. ఇప్పుడు చక్రం పైకి లేచినా కిందికి దిగినా, పొడుగు చేతులు ఒక దారిన తిరుగుతాయి, పొట్టి రాడ్డు ఇంకో దారిన తిరుగుతుంది. పొట్టి పలుపుతో కట్టిన మేక ఎగిరితే దాని మెడ పక్కకు గుంజుకుపోతుంది చూడండి, చక్రం గతీ అంతే. తోలేవాడు స్టీరింగు గట్టిగా పట్టుకొని కూర్చున్నా, బండి మాత్రం తనకు నచ్చిన దిక్కు చూస్తుంది. (నవ్వులు)

నవ్వకండి. వారం నుంచి ఇదే నవ్వు. కఫీల్ వస్తున్నాడని అబద్ధం చెప్పి మీతో ఎన్నిసార్లు షెడ్డు ఊడ్పించానో నాకే గుర్తులేదు, మెట్రో ఎక్కాలంటే డాక్టరు చీటీ కావాలని రమేష్‌ను ఆస్పత్రికి పంపాను, ఒప్పుకుంటాను. అలాంటివాడు బండి బాగాలేదంటే నమ్మరు, సరే. మరి మీ కళ్ళకేమైంది?

అలైన్‌మెంట్ చూసే మహబూబ్ సుభానిని అడిగాను. "నిలబెట్టి సూస్తే బాగనే ఉండాది గదన్నా, మిషన్ గూడా సరిగ్గానే సూపిస్తాండాది" అన్నాడు. నిలబడిన బండి ఎయిర్‌పోర్టుకు పోతుందా సుభానీ అంటే, అటూ ఇటూ చూసి, "రోడ్డు మీద నాకూ యాలనో గుంజినట్టే ఉండె. పెద్దోళ్ళతో మనకెందుకులేన్నా" అన్నాడు. తల దించుకోకు సుభానీ, నీ ఒక్కడి మీదే కాదు నా కోపం. నువ్వు ముజాహిద్ భాయ్‌తో తమామ్, అంతా సరిగ్గా ఉంది అన్నావు. ఆయన కఫీల్‌తో తమామ్ అన్నారు. నేను అడ్డం పడితే "మజాక్ బస్ కర్ మియా" అని నా మాటను వేళాకోళం కింద తీసేశారు. ఈ షెడ్డులో ఉర్దూ వస్తుంది, అరబ్బీ వస్తుంది, మూడు జిల్లాల తెలుగు వస్తుంది, పై వాడితో 'కాదు' అనే మాట మాత్రం ఏ భాషలోనూ రాదు.

ఇక ఈ పెళ్ళికొడుకు రాజేశం. నిన్న సూట్‌కేసు సర్దుతుంటే చెప్పాను. ఏమన్నాడో తెలుసా? "పోయే దినం లొల్లి ఎందుకురా హన్మాండ్లు. మెల్లగ పోతం తియ్." ఎయిర్‌పోర్టు రోడ్డు మీద మెల్లగా పోతాడట, వెనక ట్రైలర్లు రైళ్ళలా వస్తుంటే. పొద్దునకల్లా నీ భార్య ముత్యవ్వ శంషాబాద్‌లో నిలబడి ఉంటుంది రాజేశం. ఆమె ముందు మెల్లగా పోవడం గురించి ఎవరు చెప్పాలి, నేనా?

మైకు లాగకండి ముజాహిద్ భాయ్, శాలువా కప్పేదాకా సభ నాదే. సుభానీ, లే. జాకీ తీసుకో. ఫైబర్ కింద పెట్టకు, పగులుతుంది. ముందు వైపు ఇనుప పైపు కింద పెట్టు. ఎవరూ స్టీరింగు ముట్టుకోవద్దు. రమేష్, నువ్వు దూరంగా నిలబడి చేతులు పైకెత్తు, ఎవరి చెయ్యీ పడలేదని అందరూ చూడాలి. ఊఁ, లేపు. చక్రాలు కిందికి వేలాడనీ. ఇంకా. ఇంకా లేపు.

(అందరూ లేచి కారు చుట్టూ మూగుతారు)

చూశారా? లేపకముందు రెండు చక్రాలూ నేరుగా చూశాయి. ఇప్పుడు పంచాయితీలో ఓడిన అన్నదమ్ముల్లా చెరో దిక్కు చూస్తున్నాయి. ఇప్పుడు నవ్వండి. నేనే అడుగుతున్నాను, నవ్వండి.

(ముజాహిద్ భాయ్: "అబ్ కఫీల్ కో క్యా బోలూఁ? నేనేం చెప్పను? కారు పోతుంటే వీడియో తీస్తానని ఆయన ఎయిర్‌పోర్టు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.")

(రాజేశం లేచి: "నేనీ బండెక్క. నేనే వద్దన్నా అని నా పేరు చెప్పుండ్రి భాయ్. నేనైతే పోతనే ఉన్న.")

కూర్చో రాజేశం. ఎక్కను అన్నావు, చాలు, వారం నుంచి ఆ ఒక్క మాట కోసమే నా గొంతు పోయింది. నీ పేరు మాత్రం చెప్పనివ్వను. ఎగ్జిట్ మీద పోయినవాడి నెత్తిన అందరి తప్పులూ రుద్దడం ఇక్కడ ఇంకో ఆనవాయితీ. జనార్దన్ విమానం ఎక్కాక మూడు ఇంజన్లు అతనే పాడుచేశాడని తేలింది, ఆ మూడింటిలో రెండు అతను పోయాక వచ్చినవి. నువ్వు ఇంటికి మంచి పేరుతో పోవాలి.

ముజాహిద్ భాయ్, కఫీల్‌కు హన్మాండ్లు ఆపాడని చెప్పండి. వచ్చే నెల, నన్ను ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ ఆయన చేతిలో ఉందని నాకు గుర్తుంది, మీరు కళ్ళతో గుర్తుచేయనక్కర్లేదు. రాక్ మార్చాలి, ఇరుకుది వెతకాలి, అప్పటిదాకా బండి గేటు దాటదని చెప్పండి. నోరు రావడం లేదా? ఫోను ఇటివ్వండి. ఇవ్వండి భాయ్.

రమేష్, ఆ దండ తీసి మన షెడ్డు పికప్‌కు వేసి స్టార్ట్ చెయ్. సుభానీ, రాజేశం సూట్‌కేసు ఎక్కించు. ఇంతసేపు ఓపిక పట్టిన పెద్దలకు కృతజ్ఞతలు, చివరికి నవ్వు ఆపిన మిత్రులకు ఇంకా ఎక్కువ కృతజ్ఞతలు. రాజేశం, పోయిరా. నిన్ను గేటు దాకా సాగనంపలేను, కఫీల్‌కు కలిపాను, అవతల ఫోను మోగుతోంది. సెలవు.