మెన్హేర్ట్ మావయ్య సాగదీసిన పాట

ఒరేయ్ చొంగోర్, ఆ గోడగడియారం జోలికి పోకురా. అది బాగానే నడుస్తోంది. నీ ఫోన్లోది సర్కారు టైము, అది మన ఇంటి టైము. సరిహద్దులే అటూ ఇటూ జరుగుతుంటే, మా నాన్నమ్మ గడప దాటకుండానే నాలుగు దేశాల్లో కాపురం చేసింది, తెలుసా? ఆఖరికి సోవియట్ వాళ్ళొచ్చి, ఊరి మధ్యన ముళ్ళకంచె వేసి, మాస్కో టైము పెట్టుకోమన్నారు. మనకంటే రెండు గంటలు ముందు. "నా ఆకలి కూడా మాస్కోని అడిగి వెయ్యాలా?" అనేది నాన్నమ్మ. మన హంగేరియన్ వాళ్ళంతా అంతేగా, పనికి వాళ్ళ టైము, ఇంటికి మన టైము.

ఏం చెబుతున్నాను? ఆఁ, మెన్హేర్ట్ మావయ్య. చర్చిలో పాడేవాడు. మనిషి చీపురుపుల్ల, గొంతు మాత్రం పక్కూరికి వినబడేది. మనలో ఎవరన్నా పోతే, పోయినవాళ్ళే మాట్లాడుతున్నట్టు పాట కట్టి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి సెలవు తీసుకుంటారు కదా, అది పాడేది ఆయనే. ఒక్క పేరు మర్చిపోయాడా, ఆ ఇంటివాళ్ళు ఏడాదిపాటు మొహం చూడరు. మా పిన్నయితే... సరే, అదెందుకులే. మా బోర్బాల అత్త, నాన్నమ్మకి ఒక్కగానొక్క కూతురు, కంచె అవతల చెకోస్లొవేకియాలో పడిపోయింది. అవతలంటే ఎంత, మన దొడ్లోంచి చూస్తే వాళ్ళ పెరడు. పలకరిస్తే సిపాయిలు పట్టుకుపోయేవాళ్ళు. అందుకని కలుపు తీస్తూ, పాటలో కలిపి కబుర్లు పంపేవాళ్ళం. నాన్నమ్మ పోయినప్పుడు మెన్హేర్ట్ మావయ్యే పాడాడు, రేపు పన్నెండింటికి సమాధి అని. పన్నెండంటే మన పన్నెండే, అత్త వాళ్ళదీ అదే. తీరా తెల్లారేసరికి సర్కారు ఉమ్మడి పొలం ఛైర్మన్ కబురు పంపాడు, మాస్కో పన్నెండుకి, అంటే మన పదింటికే, కానిచ్చేసి అందరూ దుంపచేలోకి రావాలని. అప్పటికే అత్త రొట్టెల దుకాణంలో పనికెళ్ళిపోయింది, పాటలో కబురు పంపినా అందదు. కూతురు చూడకుండా తల్లిని పూడ్చెయ్యాలా అన్నాడు మా నాన్న. మెన్హేర్ట్ మావయ్య ఆయన భుజం తట్టి, "మీ అమ్మ తొందరపడే మనిషి కాదులే" అన్నాడు.

శ్మశానం కంచె పక్కనే. మొదలుపెట్టాడురా పాట. కొడుకులు, కోడళ్ళు అయిపోయారు. ఇరుగుపొరుగు అయిపోయారు. వాళ్ళ తాతలకి, పాలిచ్చిన ఆవుకి, యాపిల్ చెట్టుకి, రొట్టెల పొయ్యికి కూడా సెలవు చెప్పాడు. మధ్యలో ఛైర్మన్ మనిషి రుసరుసలాడుతూ వచ్చాడు. వాడూ మనవాడే. ఆ పాట అంటే శవం నోటి మాట, ఎవడు అడ్డొస్తాడు? పైగా మావయ్య వాడి పేరూ అందుకున్నాడు, నువ్వు పుట్టినప్పుడు నిన్ను మొదట ఎత్తుకున్నది నేనేరా అని. వాడు టోపీ తీసి ఏడుస్తూ నిలబడ్డాడు. అత్త పేరు ఒక్కటీ మిగిలింది. అప్పుడొచ్చింది అత్త, కంచె అవతల, పరుగెత్తుకుంటూ, మోచేతుల దాకా పిండి. మావయ్య నోరు తెరిచాడు. గొంతు లేదు. గాలే వచ్చింది. అప్పుడు మా నాన్న, జన్మలో పాట పాడి ఎరగని మనిషి, తల్లి మాటగా అందుకున్నాడు: "బోర్బాలా, నా చిట్టితల్లీ, పోయొస్తానే." ఊరంతా గొంతు కలిపింది. అత్త మాట్లాడకూడదు కదా. ముళ్ళతీగ పట్టుకుని, "ఆమెన్" అంది. ప్రార్థన అనుకుని సిపాయి ఏమీ అనలేదు.

మెన్హేర్ట్ మావయ్యకి ఆ గొంతు మళ్ళీ రాలేదురా. ఆయన పోయిననాడు మేం ఊరికే నిలబడ్డాం, పాడేవాడు లేక...

లే, చేతులు కడుక్కో. మన పన్నెండు కొట్టింది, సూపు చల్లారిపోతుంది.