చెల్లి మంచు, అక్క లెక్క

హలో… ఆ, నేనేనే, అక్కని. ఓడలోంచి కదా, మాట ఆగి ఆగి వస్తోంది. నిదానంగా చెప్పు బుల్లీ…

చూశాలే ఫొటోలు. అమ్మ వీధంతా చూపించింది… బాగానే ఉన్నావు, నా కొలతలకి చేయించిన ఆ ఎర్ర కోటులో. కన్ను కుట్టదా మరి? ఆ మంచుసముద్రం ప్రయాణానికి మొదట ఎంపికైంది నేను. డాక్టరు నా ఊపిరి విని తల అడ్డంగా ఊపాడు, నా చోట్లో నువ్వెక్కావు…

సరే సరే, ఊరికే అన్నాను. ముక్కు చీదడం ఆపు.

ఏంటీ… రేపే దిగుతున్నారా? మంచు మీదే గుడారాలా?… ఎవరన్నారు, మీ నాయకుడా?… పోయినేడు అక్కడే ఉన్నాడని ధీమా. పోయినేటి మంచు వేరు, ఈ ఏటిది వేరు.

…ఇక్కడా? చినుకు లేదు. మామయ్య మొక్కజొన్న మోకాలెత్తులోనే మాడిపోయింది…

రెండూ ఒకటే కథ బుల్లీ. భూమధ్యరేఖ దగ్గర సముద్రంలో పైనీరు ఈ ఏడు మరీ వేడెక్కింది. దాంతో గాలులు దారి మార్చుకున్నాయి. మనకి రావాల్సిన మబ్బు అక్కడే కురిసిపోయింది. మీ వైపుకేమో వెచ్చటి గాలి తోసుకెళ్తోంది…

మంచు కరుగుతున్నట్టు కనపడదే. పైకి తెల్లగా, గట్టిగానే ఉంటుంది. లోపల డొల్ల.

…ఆ మంచు మనుషుల్ని మోయదని పొద్దున్నే మా వాతావరణ కేంద్రంలో నా లెక్కలో తేలింది… ఎందుకు చెప్పలేదంటే… దిగేది వచ్చే వారం అన్నావుగా. ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాను. చేస్తే నువ్వు ఆ మంచు గురించి చెప్తావు. వినబుద్ధి కాలేదు…

అవును, కుళ్ళే. ఇంకేమంటారు దాన్ని?

తర్వాత తిడుదువు గాని. లెక్క పంపించాను, వచ్చిందా?… పట్టుకెళ్ళి మీ నాయకుడికి చూపించు. ఎవరూ ఓడ దిగొద్దు… వినకపోతే ఫోను ఆయనకివ్వు. వెళ్ళు, లైన్లోనే ఉంటాను…

…

ఆ, ఉన్నాను… ఏమన్నాడు?… మళ్ళీ చెప్పు… దిగట్లేదా? ఎవరూనా?…

హమ్మయ్య. ఏడవట్లేదు. నువ్వూ ఏడవకు.

…మెచ్చుకున్నాడా? ఎవర్ని?… నిన్నా.

ఎవరి లెక్కని చెప్పావు?… ‘మా అక్కది’ అనా… అక్కంటే ఎవరికి తెలుస్తుందే? నాకో పేరుంది. ఇంటిపేరుతో సహా చెప్పు… రేపు కాదు, ఇప్పుడే. అలాగే ఆ కోటు కూడా—

హలో… బుల్లీ?… హలో…